దూర వైద్యం, రోగి రహస్యం – పాతికేళ్ళ నడక

చిత్తూరు జిల్లా తవణంపల్లె మండలంలోని అరగొండ పేరు మన సభ్యులలో చాలామంది మొదటిసారి విన్నది 2000 సంవత్సరం మార్చి నెలలో అయి ఉంటుంది. అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకులు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి గారి స్వగ్రామం అది. ఆ ఊరి ఆసుపత్రిలో ఉన్న రోగిని చెన్నైలో ఉన్న పెద్ద డాక్టర్లు ఉపగ్రహం ద్వారా చూసే ఏర్పాటును, మార్చి 24న హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. ఒక పల్లెటూరి రోగి ఇ.సి.జి. కాగితం బస్సెక్కకుండా చెన్నై చేరడం ఆనాడు గొప్ప వింత.

అయితే ఆ కాగితం దారిలో ఎవరెవరి కంట పడుతుంది, ఎక్కడ దాచి ఉంచుతారు, పొరపాటు జరిగితే జవాబుదారీ ఎవరు అని చెప్పే చట్టం ఆ రోజున మన దేశంలో లేదు. సమాచార సాంకేతిక చట్టం అమలులోకి వచ్చిందే అదే ఏడాది అక్టోబరు 17న. అందులోనూ డిజిటల్ సంతకాలు, ఎలక్ట్రానిక్ వ్యాపారం సంగతులే గాని రోగి ప్రసక్తి లేదు. వైద్యం ముందు వెళ్ళింది, చట్టం ఇరవై ఏళ్ళు వెనకాల నడిచింది. ఆ నడకను తెలుసుకోవడం బీపీ, షుగరు మాత్రలతో రోజు మొదలుపెట్టే మనబోటి వారికి అవసరం.

రోగి రహస్యం కాపాడాలన్న నియమం కొత్తది కాదు. హిపోక్రటీసు పేరిట వైద్యులు చేసే ప్రమాణంలోనే అది ఉంది. కాని అది నీతి నియమం. కోర్టులో దానికి ఎంత బలం ఉన్నదో 1998 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో తేలింది. రక్తదానం సందర్భంగా ఒక వ్యక్తికి హెచ్.ఐ.వి. ఉన్నట్టు బయటపడింది. ఆ సంగతి వెల్లడై అతని పెళ్ళి ఆగిపోయింది. ఆసుపత్రి మీద ఆయన దావా వేశారు. రహస్యం కాపాడవలసిన మాట నిజమే గాని, పెళ్ళి కూతురి ప్రాణరక్షణ అంతకంటె ముఖ్యమని కోర్టు చెప్పింది. ఆ కేసులో రోగి పేరు ‘మిస్టర్ ఎక్స్’, ఆసుపత్రి పేరు ‘జడ్’. రహస్యం సంపూర్ణ హక్కు కాదన్న తీర్పు కూడా పేర్లు దాచే ప్రకటించారన్న మాట.

2002లో భారత వైద్య మండలి ప్రవర్తనా నియమావళి వచ్చింది. ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులు మూడేళ్ళు భద్రపరచాలని, రోగి అడిగితే 72 గంటలలో ఇవ్వాలని అందులో ఉంది. ఆ తరువాత 2003లో కేంద్రం టెలిమెడిసిన్‌కు ప్రమాణాలు సూచించింది గాని అవి సిఫారసులు మాత్రమే. 2008 సవరణతో సమాచార సాంకేతిక చట్టంలో 43-ఏ సెక్షను చేరింది. దాని కింద 2011 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధనలు ఆరోగ్య స్థితిని, వైద్య రికార్డులను ‘సున్నితమైన సమాచారం’గా మొదటిసారి గుర్తించాయి. నష్టపరిహారానికి అప్పుడు ఒక దారి దొరికింది. ఆ దారిన వెళ్ళవచ్చునని తెలిసిన రోగులు నాకు తటస్థపడలేదు.

ఇక్కడ దీర్ఘవ్యాధి రోగుల సంగతి వేరుగా చెప్పాలి. జ్వరం వచ్చిన మనిషి చీటీ వారం తరువాత ఎవరికీ అక్కరలేదు. షుగరు రోగి రికార్డు అలా కాదు. నెలనెలా పెరుగుతుంది. పదేళ్ళలో అది మన సర్వీసు రిజిస్టరంత అవుతుంది. కిడ్నీ ఎలా ఉంది, గుండె ఎలా ఉంది, రాత్రి నిద్ర మాత్ర వేసుకుంటున్నామా అన్నీ అందులో ఉంటాయి. మన ఆఫీసులలో కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు సీలు వేసిన కవర్లలో, తాళం వేసిన బీరువాలో ఉండేవి. ఆమధ్య ఒక లాబొరేటరీ నుంచి నా ఫోనుకు నా రిపోర్టుతో పాటు ఎవరో పెద్దావిడ రిపోర్టు కూడా వచ్చింది. పేరు, వయసు, ఫోను నంబరు, క్రియాటినిన్ అంకెతో సహా. ఆమెకు నా రిపోర్టు వెళ్ళిందేమోనని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గోప్యతకు రాజ్యాంగ బలం తెచ్చిన వ్యక్తి కూడా మనలాగే పదవీ విరమణ చేసినవారే. జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా పని చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బి.సి. కమిషన్ అధ్యక్షులుగా మనవారికి ఆయన పేరు బాగా తెలుసు. ఆధార్‌ను ప్రశ్నిస్తూ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళేనాటికి ఆయన వయసు 86 ఏళ్ళు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. 2024లో 98వ ఏట ఆయన కాలం చేశారు.

మరుసటి ఏడాది, అంటే 2018 జూలైలో, బొంబాయి హైకోర్టులో రత్నగిరి డాక్టర్ల కేసు వచ్చింది. డాక్టరు ఊళ్ళో లేకుండా ఫోనులో మందులు చెప్పగా బాలింత చనిపోయిందన్న ఆరోపణ అది. ముందస్తు బెయిలు దొరకలేదు. దాంతో ఫోనులో మందు చెప్పడమే నేరమేమోనని దేశమంతటా డాక్టర్లు జంకారు. 2019 నవంబరులో ఈ-సంజీవని సేవను మొట్టమొదట ఆంధ్రప్రదేశ్ ప్రారంభించే నాటికి కూడా ఆ జంకు పోలేదు.

దానిని పోగొట్టింది కరోనా. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇరవై ఏళ్ళు కాని పని రోగం తరుముతుంటే అయింది. మే నెలలో వాటిని 2002 నియమావళికి చేర్చారు. మనకు పనికివచ్చే అంశాలు ఇందులోనే ఉన్నాయి. డాక్టరును నేరుగా కలిసిన ఆరు నెలలలోపు అదే జబ్బుకు ఫోనులో మాట్లాడితే అది కొనసాగింపు కిందికి వస్తుంది, పాత మందులు మళ్ళీ రాయవచ్చు. మెట్‌ఫార్మిన్ వాడే వారికి సిటాగ్లిప్టిన్ చేర్చడం వంటి మార్పూ చేయవచ్చు. మత్తు కలిగించే నిషిద్ధ మందులు మాత్రం రాయకూడదు. చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండి తీరాలి. మనమే ఫోను చేస్తే సమ్మతి ఇచ్చినట్టే. మన తరఫున అబ్బాయో ఆరోగ్య కార్యకర్తో చేస్తే మన సమ్మతి విడిగా, స్పష్టంగా తీసుకోవాలి.

అందులోనే ఇంకొక వాక్యం ఉంది. సాంకేతిక లోపం వల్ల గాని, ఇతరుల వల్ల గాని రహస్యం బయటపడిందని నమ్మదగిన ఆధారం ఉంటే డాక్టరు బాధ్యుడు కాడు. డాక్టరు పట్ల అది న్యాయమే. మరి బాధ్యులెవరు? 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగినప్పుడు ఈ ప్రశ్న అందరికీ అర్థమైంది. అయిదు సర్వర్లు దెబ్బ తిన్నాయి. సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం తాళం పడిపోయింది. దేశంలోనే పెద్ద ఆసుపత్రిలో రోజుల తరబడి పాత పద్ధతిలో కాగితం, కలంతో చీటీలు రాశారు. కాగితం పని తెలిసినవాళ్ళు ఇంకా మిగిలి ఉండబట్టి గడిచింది.

2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆమోదం పొందింది. సమాచారాన్ని తన పనికి తీసుకున్న సంస్థే దానికి బాధ్యత వహించాలి, రక్షణలో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. ఒక లోటు నాకు కనిపిస్తుంది. 2011లో ఆరోగ్య సమాచారానికి ఇచ్చిన ప్రత్యేక స్థానం ఇందులో లేదు. గుండె జబ్బు రిపోర్టూ, కిరాణా కొట్టు బిల్లూ ఒకే గాటన కట్టారు. ఒక మేలు కూడా ఉంది. మనం మరణించినా, తెలివి తప్పినా మన తరఫున ఈ హక్కులు వాడుకొనేందుకు ఒకరిని నామినేట్ చేయవచ్చు. కుటుంబ పెన్షనుకు నామినేషన్ ఇచ్చిన మనకు ఇది కొత్త కాదు. దీని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఆసుపత్రులు, లాబొరేటరీలు పాటించవలసిన ముఖ్యమైన బాధ్యతలకు అప్పటి నుంచి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు తీరేదాకా పాత 43-ఏ సెక్షనే దిక్కు.