విదేశీ దత్తత: ప్రత్యేక అవసరాలున్న చిన్నారులకు నిబంధనలేమిటి?

అనాథ, పరిత్యక్త బాలల్లో వైకల్యమున్నవారిని స్వదేశంలో దత్తత తీసుకునేందుకు ముందుకు వచ్చేవారు తక్కువ. ఇటువంటి చిన్నారుల్లో పలువురికి విదేశీ దత్తతే కుటుంబాన్ని చేరువ చేసే మార్గమవుతోంది.

పిల్లల అక్రమ తరలింపుపై ఆందోళనల నేపథ్యంలో, లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు 1984లో ఈ ప్రక్రియకు మార్గదర్శకాలు నిర్దేశించింది. 1990లో కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ (కారా) ఏర్పడింది. 1993 నాటి హేగ్ ఒప్పందాన్ని భారత్ 2003లో ధ్రువీకరించింది.

జువెనైల్ జస్టిస్ చట్టం-2015లోని 59వ సెక్షన్ ప్రకారం, దత్తతకు చట్టబద్ధంగా అర్హత పొందిన చిన్నారికి 60 రోజుల్లో భారతీయ లేదా ప్రవాస భారతీయ తల్లిదండ్రులు లభించకపోతే విదేశీ దత్తతకు వీలు కలుగుతుంది. శారీరక, మానసిక వైకల్యమున్నవారికి, తోబుట్టువులకు, ఐదేళ్లు పైబడినవారికి ఇందులో ప్రాధాన్యం ఇవ్వవచ్చు.

బిడ్డ వివరాలు, వైద్య నివేదిక పరిశీలించాకే దత్తత కోరేవారు అంగీకారం తెలుపుతారు. కారా నిరభ్యంతర పత్రం, జిల్లా మెజిస్ట్రేట్ ఉత్తర్వు తప్పనిసరి. 2022 సెప్టెంబరుకు ముందు ఈ ఉత్తర్వులను న్యాయస్థానాలు ఇచ్చేవి.

బిడ్డ దేశం దాటాక రెండేళ్లపాటు సంక్షేమ నివేదికలు అందాలి. తొలి ఏడాది మూడు నెలలకోసారి, మరుసటి ఏడాది ఆరు నెలలకోసారి వీటిని పంపుతారు. బిడ్డ కొత్త ఇంట ఇమడలేకపోతే, కారాతో సంప్రదించి ప్రత్యామ్నాయ సంరక్షణ కల్పించే, అవసరమైతే స్వదేశానికి చేర్చే బాధ్యత అక్కడి అధీకృత సంస్థదే.