ఎక్స్‌పీలో తెలుగు ఎక్కించుకున్న కాలం

యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దక్కింది. అది మన కంప్యూటర్ల దాకా రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. డీటీపీ చేసే మా దగ్గర అను ఫాంట్లుండేవి కానీ, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగుంది, గౌతమి ఫాంటూ ఉంది. అయినా తెర మీద డబ్బాలే! కంట్రోల్ ప్యానెల్లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్న చోట టిక్కు పెట్టాల్సి వచ్చేది. వెంటనే అది ఎక్స్‌పీ సీడీ అడిగేది. కంప్యూటర్ బిగించి ఇచ్చినవాళ్ళు ఆ సీడీ ఎందరికిచ్చారు గనక! చాలా ఇళ్ళల్లో తెలుగు అక్కడే ఆగిపోయింది. నన్నడిగితే, మన భాషకు జరిగిన పెద్ద నష్టాల్లో అదొకటి.

సీడీ దొరికిన ఇళ్ళల్లో, ఫైళ్ళు ఎక్కాక నేను రీస్టార్ట్ చేసి, అదే ఆప్షన్స్‌లోని డీటెయిల్స్‌లో తెలుగు కీబోర్డు కలిపేవాణ్ణి. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే టాస్క్‌బార్‌లో ఈఎన్ పోయి టీఈ వచ్చేది. ఇన్‌స్క్రిప్ట్‌లో కె, డి, జె వరుసగా కొడితే ‘క’ కింద క్రావడి చేరి ‘క్ర’ అయ్యేది. ఆ కలయిక చూసి ఇంటివాళ్ళు మళ్ళీ మళ్ళీ కొట్టించుకునేవాళ్ళు. గౌతమి సన్నగా ఉందనుకున్నవాళ్ళకు దేశికాచార్యులు గారు ఉచితంగా ఇచ్చిన పోతన2000 ఫాంటు వేసిపెట్టేవాణ్ణి.