పట్టేసిన పిడి

అక్టోబరు చివరి వారం. వెర్మాంట్‌లో మేపుల్ ఆకులు సగానికి పైగా రాలిపోయాయి. తెల్లారేసరికి పచ్చిక మీద మంచు తెల్లగా పేరుకుంటోంది. ఇంట్లో 12 డిగ్రీలు. స్వెట్టరు మీద కోటు తొడుక్కుని మీరు కట్టెల స్టవ్ ముందు గొంతుక్కూర్చున్నారు. నడుమెత్తు పోత ఇనుము. పైన మూత, ముందు తలుపు, తలుపుకు కుడివైపు స్ప్రింగు చుట్టిన ఉక్కు పిడి.

పిడి పట్టుకుని పైకి తిప్పుతారు. కదలదు. రెండు చేతులూ వేస్తారు. పైన పొగగొట్టం అతుకు దగ్గర కిర్రుమంటుంది గానీ పిడి వెంట్రుకవాసి తిరగదు. పక్కనున్న సుత్తి మీదికి చెయ్యి పోతుంది.

“కొట్టకండి అల్లుడుగారూ! పోత ఇనుము అది. పగిలిందంటే అతకడం కష్టం.”

మీ మామగారు. గుంటూరు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. కూతురి దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చి, చేతికి పనిలేక విసిగిపోయి ఉన్నారు. ఇప్పుడు స్వెట్టరు చేతులు పైకి మడుస్తున్నారు.

“పై మూత తియ్యండి. లోపలెక్కడ పట్టేసిందో చూద్దాం.”

మూత ఎత్తగానే తడి బూడిద, మసి కలిసిన వాసన గుప్పుమంటుంది. ఫోన్ లైటు వేసి కెమెరాను లోపలికి దించుతారు. పిడి నుంచి తలుపులోంచి ఇవతలికి వచ్చిన ఉక్కు చువ్వ, దాని కొసన వేలంత కొక్కెం. పిడి కిందికి దించితే ఆ కొక్కెం చట్రం వెనక్కి తిరిగి తలుపును బిగించాలి. యంత్రాంగమంతా ఇంతే. చువ్వ వచ్చే కన్నం చుట్టూ నల్లటి తారు గడ్డకట్టింది, దాని అంచున ఎర్రటి తుప్పు. అడుగున పోయిన చలికాలపు బూడిద నాలుగు వేళ్ల మందం.

“దొంగ ఇక్కడున్నాడు,” అంటారాయన బూడిద వైపు చూపిస్తూ.

నిజమే. కట్టె బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. అది గాలిలోని తేమను లాగేసుకుంటుంది. వేసవంతా మంట లేని పొయ్యిలో ఆ చెమ్మ ఇనుమును తింటూనే ఉంటుంది. పొగగొట్టంలోంచి దిగే వాన చుక్కలు దానికి తోడు. ఇక తారు సంగతి వేరు. పచ్చి కట్టె పొగ చల్లటి ఇనుముకు తగిలితే జిగటగా దిగుతుంది, చల్లారాక బిరుసెక్కుతుంది. మీ పిడిని పట్టుకున్నది ఒకటి కాదు, రెండు.

మీరు తుప్పు వదిలించే స్ప్రే డబ్బా అందుకుంటారు. ఆయన చెయ్యి అడ్డం పెడతారు. “వేడి చెయ్యబోతున్నాం కదా, అది అంటుకుంటుంది. కొవ్వొత్తి ఉందా?”

దేవుడి అరలో ఉంది. గ్యారేజీలోంచి హీట్ గన్ తెచ్చి, పిడి చుట్టూ తలుపు ఉబ్బెత్తుగా ఉన్నచోట వేడిగాలి పట్టిస్తారు. “ఒక్కచోటే నిలపకండి, తిప్పుతూ ఉండండి,” అంటున్నారాయన. ఒకేచోట మండిస్తే పోత ఇనుము చిట్లుతుంది. వేడికి కన్నం మూసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. లోహం అన్ని వైపులకూ సాగుతుంది కాబట్టి కన్నం కూడా పెద్దదవుతుంది. తారు మెత్తబడి ఘాటుగా వాసనేస్తోంది. కిటికీ తీస్తారు. హీట్ గన్ ఆపి, చువ్వ మొదట్లో కొవ్వొత్తి ఆనించగానే మైనం కరిగి సందులోకి జారిపోతుంది. ఇంకాస్త ఆనిస్తారు, అదీ పోతుంది.

“ఇప్పుడు తియ్యకండి. ముందు బిగించండి.”

మందపాటి తోలు గ్లవ్ తొడుక్కుని పిడిని కిందికి నొక్కుతారు. క్రిక్. మళ్లీ పైకి. మళ్లీ కిందికి. ఇసుక నములుతున్నట్టు శబ్దం. ఒక్కో ఊపుకీ మరి కాస్త దారి వస్తుంది. ఉన్నట్టుండి పిడి పూర్తిగా పైకి లేస్తుంది, తలుపు తెరుచుకుని ఇంత బూడిద మీ ఒళ్లోకి దులుపుతుంది.

“అదీ!” మామగారు అప్పటికే స్పానర్ పట్టుకుని ఉన్నారు.

చల్లారాక నట్టు విప్పి, కొక్కెం, వాషర్లు వచ్చిన వరసలోనే పాత పేపరు మీద పేరుస్తారు. ఆ వాషర్లలో ఒకటి తగ్గినా పెరిగినా తలుపు బిగువు మారిపోతుంది. చువ్వను వైర్ బ్రష్‌తో రుద్ది, ఎమరీ కాగితం పట్టి, రాగి పొడి కలిపిన పేస్టు పలచగా పూస్తారు. మామూలు గ్రీజు ఇక్కడ పనికిరాదు, కాలి గట్టిపడి మళ్లీ పట్టేస్తుంది. రాగి పేస్టు దాదాపు 980 డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

అంతా బిగించి, తలుపు సందులో పేపరు చీలిక పెట్టి మూసి లాగుతారు. మూడు వైపులా గట్టిగా పట్టింది. కిందివైపు అనాయాసంగా ఊడొచ్చింది. అక్కడ తలుపు అంచున గాలి చొరకుండా ఉండే ఫైబర్ గ్లాస్ తాడు నలిగిపోయింది, అది మార్చాలి. ఈ పొయ్యికి ఆ తాడు మునుపే ఒకసారి మార్చారు. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో కట్టెల పొయ్యిలకు మళ్లీ గిరాకీ వచ్చింది. ఆ రోజుల నాటి తాడే ఏ పాత పొయ్యికైనా ఇంకా ఉంటే అది ఆస్బెస్టాస్ కావచ్చు. పొడిగా గీకి దుమ్ము లేపకండి, తెలిసినవాళ్లను పిలవండి.

వసంతంలో ఆఖరి మంట ఆరాక బూడిదంతా మూతున్న ఇనప బకెట్లోకి ఎత్తి ఆరుబయట పెట్టండి; అందులో నిప్పు రోజుల తరబడి బతికుంటుంది. తలుపు, చట్రం తుడవండి. వేసవిలో నెలకోసారైనా పిడి ఇటూ అటూ తిప్పండి.