మూడు కొండల ఎరుపు

మాస్కోలో ప్రెస్న్యా పేట, మూడు కొండలని పేరుపడ్డ చోటు. అక్కడి అద్దకం ఫ్యాక్టరీలో ప్రోఖొరోవ్ కుటుంబం పనివాళ్ల పిల్లలకోసం బడి తెరిచింది 1816లో. దానికి రెండు వందల ఏళ్లు దాటాయి. ఈ కుటుంబం గురించి రాసినవాళ్లలో రెండు వర్గాలున్నాయి. మొదటి వర్గం యజమానుల దైవభక్తినీ దానధర్మాలనూ పొగిడింది. రెండో వర్గానికి ఆ పేటలో 1905లో జరిగిన తిరుగుబాటు తప్ప మరేమీ పట్టలేదు. రంగు సంగతి ఇద్దరూ వదిలేశారు. నాలుగు తరాల పాటు ఒక కుటుంబం చేతిలో ఆ ఫ్యాక్టరీ నిలవడానికి అసలు కారణం డబ్బూ కాదు, యంత్రమూ కాదు. రంగు తెలిసిన మనిషిని బయట వెతుక్కోకుండా తన ఆవరణలోనే తయారుచేసుకోవడమే దానికి ఆధారమని నా వాదన.

అంతకు ముందటి కథ క్లుప్తం. అద్దకపు గుడ్డలు రష్యాకు చాలాకాలం పర్షియా దారిన, ఆస్ట్రాఖాన్ రేవు మీదుగా వచ్చేవి. 17వ శతాబ్దం నుంచీ ఆ రేవులో భారతీయ వర్తకులు కాపురమున్నారు. 18వ శతాబ్దంలో ఇవానొవొ గ్రామంలోని అర్ధబానిస రైతులు అచ్చులు చెక్కి గుడ్డ అద్దడం నేర్చారు. ప్రోఖొరోవ్‌లు కూడా రైతు వంశమే, త్రోయిత్సా మఠం భూముల్లో బతికినవాళ్లు. 1764లో కేథరిన్ మహారాణి మఠాల భూములను ప్రభుత్వపరం చేసింది. ఆ తర్వాత ఇలాంటి కుటుంబాలకు పట్నం దారి తెరుచుకుంది. వసీలీ ప్రోఖొరోవ్ బీరు కాచే వ్యాపారంలో నాలుగు డబ్బులు వెనకేశాడు. 1799లో ఫ్యొదొర్ రెజనోవ్‌తో పొత్తు కలిసి, ఖొవాన్‌స్కీ ప్రభువుల నేలలో అద్దకం మొదలుపెట్టాడు. పెట్టుబడి వసీలీది. అద్దకం తెలిసినవాడు రెజనోవ్. ఈ పొత్తులోని బలహీనత అక్కడే ఉంది. డబ్బున్నవాడికి పని రాదు, పని తెలిసినవాడు ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు.

పని అంటే ఏమిటో తెలిస్తేనే ఆ భయం అర్థమవుతుంది. ఆనాటి ఎరుపు మడ్డర్ అనే మొక్క వేరు నుంచి వచ్చేది. అది మన మంజిష్ఠకు దగ్గరి చుట్టం. రష్యాలో దాన్ని దాగిస్తాన్‌లోని డెర్బెంట్ చుట్టూ సాగు చేసేవారు. ఆ వేరు రసం గుడ్డకు తనంతట తాను గట్టిగా అంటదు. ముందు చెక్క అచ్చుతో పటిక ద్రావణం అద్దాలి. పటిక పడ్డచోట ఎరుపు, ఇనుప ద్రావణం పడ్డచోట నలుపు లేదా ఊదా, రెండూ కలిసినచోట గోధుమవన్నె తేలతాయి. గుడ్డ ముంచే తొట్టి మాత్రం ఒక్కటే. ఆ తర్వాత పేడ నీళ్లలో జాడించాలి, గడ్డి మీద పరిచి ఎండలో తెల్లబరచాలి, నదిలో మళ్లీ మళ్లీ ఉతకాలి. ఫ్యాక్టరీ మాస్క్వా నది పక్కనే వెలయడానికి కారణం ఇదే. తొట్టి వేడిని కొలిచే పరికరం చాలాచోట్ల పనివాడి చెయ్యే. మంట కాస్త ఎక్కువైతే ఎరుపు మొద్దుబారి ఇటుకవన్నెకు దిగుతుంది, మొత్తం తాను పాడవుతుంది. కాగితం మీద లేని ఈ తెలివి ఒక మనిషి ఒంట్లో ఉంటుంది. ఆ మనిషి జీతం పెంచమన్నా, పక్క ఫ్యాక్టరీకి వెళ్లినా, తాగి పడుకున్నా యజమాని చేయగలిగింది లేదు.

1813లో రెజనోవ్‌తో పొత్తు విడిపోయింది. 1815లో వసీలీ చనిపోయాడు. పగ్గాలు అందుకునేనాటికి కొడుకు తిమొఫెయ్‌కు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. నెపోలియన్ దండయాత్రలో మాస్కో తగలబడి నాలుగేళ్లయినా కాలేదు, నగరం ఇంకా ఇళ్లు కట్టుకుంటూనే ఉంది. అలాంటి సమయంలో ఆ కుర్రవాడు మొదటగా చేసిన పెద్ద పనుల్లో ఒకటి బడి పెట్టడం. పిల్లలు అక్షరాలూ లెక్కలూ నేర్చుకుంటూనే, అచ్చు చెక్కడం, బొమ్మ గీయడం, రంగు కలపడం నేర్చేవారు. 1830 నాటి కలరా తర్వాత తల్లిదండ్రులు పోయిన పిల్లలను కూడా చేర్చుకున్నారు. 1832లో తిమొఫెయ్ జర్మనీ దాకా వెళ్లి, అక్కడి వృత్తి విద్య తీరు చూసి వచ్చి బడిని ఇంకా పెంచాడు. నాకు ఈ కుటుంబంలో అందరికన్నా ఇష్టమైనవాడు ఇతనే. తండ్రిని ఒక్క నిపుణుడి మీద ఆధారపడేలా చేసిన లోటు ఎక్కడుందో అతను సరిగ్గా పట్టుకున్నాడు. ఆ నిపుణుడి స్థానంలో మరో నిపుణుణ్ణి కొనుక్కోలేదు, నిపుణులు పుట్టే చోటు కట్టాడు.

నా వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది, కలిసొచ్చిన కాలం. 1812 మంటల్లో పోటీ ఫ్యాక్టరీలు పోయాయి, 1822 సుంకాలు విదేశీ గుడ్డను అడ్డుకున్నాయి, అందుకే పెరిగారంటారు. నిజమే, కానీ ఆ సుంకం ఒక్క ప్రోఖొరోవ్‌ల కోసం వేసింది కాదు, రష్యాలో గుడ్డ అద్దిన ప్రతివాడికీ అదే నీడ దొరికింది. అందరికీ అందిన మేలు ఒకరి విజయానికి కారణం కాలేదు. రెండోది, మరింత పదునైనది: ఆ బడి చౌక కూలీలను తయారుచేసే ఉపాయమని. పిల్లలు చదువుతోపాటు ఫ్యాక్టరీ పనీ చేశారు. ఆ చాకిరిని దయాగుణంగా చెప్పడం తప్పు, యజమాని లాభం అందులో ఉంది. అయితే కేవలం చౌక చేతులే కావాలంటే చదువు చెప్పనక్కర్లేదు. చదువురాని పిల్లవాడు ఇంకా చౌక, ఇంకా అణకువ. రంగుల పాళ్లు రాసుకోగల, చదవగల మనిషి రేపు ఏ ఫ్యాక్టరీకైనా పనికొస్తాడు. ఆ ప్రమాదం తెలిసీ తిమొఫెయ్ నేర్పించాడు కాబట్టే దాన్ని ఒట్టి దోపిడీగా కొట్టిపారేయలేం.

ఈ బలానికి దెబ్బ మాస్కోలో తగల్లేదు, బెర్లిన్‌లో తగిలింది. 1868లో గ్రేబె, లీబర్మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు మడ్డర్ వేరులోని ఎరుపు పదార్థం అలిజరిన్‌ను తారు నుంచి తయారుచేశారు. కొన్నేళ్లకే డెర్బెంట్ తోటలు పాడుపడ్డాయి. మచిలీపట్నం అద్దకపువాళ్లకు తరతరాలుగా ఎరుపునిచ్చిన చిరివేరును పక్కకు నెట్టిందీ ఆ అలిజరినే. ప్రోఖొరోవ్‌లు మునగలేదు. 1874లో వాటాల కంపెనీగా మారారు, 1900లో పారిస్ ప్రదర్శనలో అత్యున్నత బహుమతి అందుకున్నారు. కానీ రంగు జ్ఞానం తొట్టి దగ్గరి నుంచి జర్మన్ ప్రయోగశాలకు వెళ్లిపోయింది. ఆ చదువు తిమొఫెయ్ బడిలో దొరికేది కాదు. 1914లో యుద్ధం రాగానే జర్మన్ రంగుల సరఫరా ఆగింది, రష్యా అద్దకం మొత్తం ఇరుక్కుంది.

ఫ్యాక్టరీ మిగతా చరిత్ర ఒక దారిన నడవదు. 1905 డిసెంబరులో ప్రెస్న్యా తిరుగుబాటుకు ఈ ఫ్యాక్టరీ వంటశాలే కేంద్రమైంది. పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చిన సెమ్యొనొవ్‌స్కీ దళం పేటను ఫిరంగులతో కొట్టింది. 1918లో ఫ్యాక్టరీ జాతీయమైంది, తర్వాత బోల్షెవిక్ నేత జెర్జిన్‌స్కీ పేరు తగిలించుకుంది. ఇప్పుడు ఆ ఇటుక భవనాల్లో ఆఫీసులూ రెస్టారెంట్లూ ఉన్నాయి. యజమానుల పేర్లూ తిరుగుబాటు తేదీలూ పుస్తకాలకెక్కాయి, తొట్టి దగ్గర నిలబడినవాళ్ల పేర్లు ఎక్కలేదు. మన దగ్గరా ఇదే లోటు రాకుండా, మచిలీపట్నం, పెడనల అద్దకం చరిత్ర రాయబోయేవారు రేవు లెక్కల దగ్గరే ఆగిపోవద్దు. చిరివేరు ఉడకబెట్టడం తాతముత్తాతల నోట విన్న కుటుంబాలు అక్కడ ఉంటే, ముందు వారి మాటలు రాసుకోవాలి.