మూడో బొంత

ముసల్మానుల మెహ్మాన్ నవాజీ అనగానే తెలుగువాళ్ల కళ్ల ముందు ఒక బొమ్మ కదులుతుంది. షాండ్లియర్లు, తివాచీలు, వెండి పళ్లేల్లో బిర్యానీ, నడుం వంచి "ఆయియే, తష్రీఫ్ లాయియే" అనే షేర్వానీ. సినిమాలు ఆ బొమ్మకు ఇంకాస్త జరీ కుట్టాయి. ఫలక్‌నుమాలో 101 మంది ఒకేసారి కూర్చొని తినే బల్ల ఉంది. పాయెగా అమీరు వికారుల్ ఉమ్రా కట్టిన ఆ మహలును 1897లో ఆరో నిజాం తీసుకొని రాచ అతిథుల విడిదిగా వాడుకున్నాడు. 2010 నుంచి అది హోటలు. ఆ బల్ల ముందు మా తాతముత్తాతలు ఎవరూ కూర్చోలేదు. వడ్డించడానికి కూడా వాళ్లను పిలవలేదు.

మరి మేం చుట్టాలను ఎక్కడ పెట్టుకున్నాం?

ఈ ప్రశ్న చరిత్ర పుస్తకాల్లో ఉండదు. ఎవడు ఎవడి మీద దండెత్తాడో ఉంటుంది, ఏ సుల్తాను ఏ దర్వాజా కట్టించాడో ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో సుమారు 37 శాతం కుటుంబాలు ఒక్క గదిలోనే కాపురం చేస్తున్నాయి. అది ముసల్మానుల లెక్క కాదు, అందరి లెక్క. అందరి ఇళ్లకూ చుట్టాలొస్తారు, పొద్దుపోతే ఉండిపోతారు. వాళ్ల కోసం వేరే గది ఉన్నవాళ్లే ఈ దేశంలో అసలైన మైనారిటీ.

మొగల్‌పురాలో మా దాదీ ఇల్లు చెబుతాను. ఒక దాలాన్, దాని వెనక ఒక చీకటి గది, ముందు గచ్చు చేసిన సహన్, ఒక మూల బావర్చీఖానా, ఇంకో మూల గుసల్‌ఖానా. అంతే. దాలాన్‌లో ఒక తఖ్తు. పగలు దాని మీదే దాదీ నమాజు, ఫుప్పూల కుట్టుపని, పిల్లల చదువు. రాత్రి అదే మంచం. తఖ్తు కింద రెండు సందూకులు. ఒకదాంట్లో పెళ్లిబట్టలు, రెండోదాంట్లో మెహ్మాన్ సామాను. వరంగల్ జంపఖానా ఒకటి, నీలిమందు పెట్టి ఉతికిన చాంద్నీ ఒకటి, పాత చీరలూ లుంగీలూ పొరలు పొరలుగా పరిచి కుట్టిన బొంతలు మూడు, గలీబులు తొడిగిన తకియాలు నాలుగు. మెహ్మాన్ వస్తేనే ఆ సందూకు తెరిచేవాళ్లు. పిల్లలం చలికి ముడుచుకొని పడుకున్నా దానికి తాళం తీసేవాళ్లు కాదు.

వచ్చింది మగమనిషైతే తఖ్తు ఆయనది. అబ్బా సహన్‌లోకి, నులక మంచం మీదికి. వాన పడితే అబ్బా చాప చుట్టుకొని పక్కింటి దాలాన్‌కు పోయేవాడు. పక్కింటికి చుట్టాలొస్తే వాళ్ల మగపిల్లలు మా దాలాన్‌కు వచ్చేవాళ్లు. గల్లీ మొత్తానికి కలిపి ఒక మెహ్మాన్‌ఖానా ఉండేదన్నమాట, కాకపోతే అది ఏ రోజు ఏ ఇంట్లో ఉంటుందో ముందుగా తెలియదు. వచ్చింది ఆడవాళ్లయితే లోపలి గది. ఆలుమగలొస్తే గది మధ్యలో తాడు కట్టి చీర వేలాడదీసేవాళ్లు. ఘోషా అంటే బుర్ఖా ఒక్కటే అనుకునేవాళ్లకు ఆ చీర సంగతి తెలియదు. పదడుగుల గదిలో ఇద్దరు మనుషులకు కాస్త మర్యాద మిగిల్చే గోడ అది.

అమ్మీ ఎక్కడ పడుకునేది? ఈ మాట నేను చాలా ఏళ్ల తర్వాత, పత్రికలో పనికి కుదిరాక అడిగాను. "బావర్చీఖానా లేదా?" అంది, అదేం ప్రశ్న అన్నట్టు. ఆరిన పొయ్యి పక్కన చాప. అందరికన్నా చివర పడక, అందరికన్నా ముందు లేవడం. మగవాళ్లు ఫజర్‌కు లేచేసరికి బధ్నాల్లో నీళ్లు నింపి ఉండాలి. మెహ్మాన్ మొహమాటపడకుండా ఇంట్లో ఉన్న ఒక్క గుసల్‌ఖానా ఆయనకు ఖాళీగా ఉండాలి. దాల్‌లో చింతపండు రసం పెంచితే ఖట్టా ఇంకో ఇద్దరికి వస్తుంది. ఆ లెక్క కూడా ఆమెదే.

సహీ ముస్లింలో ఒక హదీసు ఉంది. ఇంట్లో మగవాడికో పడక, భార్యకో పడక, మూడోది మెహ్మాన్‌ది, నాలుగోది షైతానుది అని దాని సారాంశం. దుబారా చేయొద్దని చెప్పడానికి మౌల్వీ సాబులు దీన్ని ఎత్తుకుంటారు, చూపంతా నాలుగో పడక మీదే. నాకు మూడోది ముఖ్యం అనిపిస్తుంది. గది మాట అందులో లేదు చూడండి. పడక ఉంటే చాలు. మదీనాలో ప్రవక్త ఇల్లంటే మసీదును ఆనుకొని ఉన్న చిన్న హుజ్రాలే. ఇల్లూవాకిలీ లేని సహాబీలు మసీదులోనే సుఫ్ఫా అనే చోట తలదాచుకునేవాళ్లు. 622లో మక్కా వదిలి వచ్చినవాళ్లను మదీనా అన్సారులు ఇళ్లకు తీసుకుపోయి పంచుకున్నారు. మా హిజ్రీ సంవత్సరాల లెక్క ఆ వలస నుంచే మొదలవుతుంది. అంటే పట్టాభిషేకంతోనో యుద్ధంతోనో కాదు, ఇంకొకరి ఇంట్లో తలదాచుకోవడంతో మా తారీఖు మొదలైంది.

మెహ్మాన్‌కు కూడా హద్దు గీశారు. ఆతిథ్యం మూడు రోజులు, ఆపైన పెట్టేది సద్ఖా కింద లెక్క, ఇంటివాడికి ఇబ్బంది కలిగేదాకా ఉండిపోకూడదు. ఈ చివరి ముక్క మా చుట్టాల్లో చాలామందికి గుర్తుండేది కాదు.

ఇంకో కథ ప్రతి రంజాన్ బయానులోనూ వింటాం. ప్రవక్త దగ్గరికి ఆకలితో వచ్చిన ఒక మనిషిని ఒక అన్సారీ ఇంటికి తీసుకుపోతాడు. ఇంట్లో పిల్లలకు సరిపడా తిండి మాత్రమే ఉంది. ఇల్లాలు పిల్లల్ని నిద్రపుచ్చి, దీపం సరిచేస్తున్నట్టు లేచి ఆర్పేస్తుంది. చీకట్లో ఆలుమగలు తింటున్నట్టు నటిస్తారు, మెహ్మాన్ కడుపునిండా తింటాడు. బయాను ఎప్పుడూ ఆ అన్సారీ త్యాగం దగ్గర ఆగుతుంది. పస్తు పిల్లల్ని జోకొట్టిందెవరు, దీపం ఆర్పిందెవరు? బావర్చీఖానాలో పడుకున్న మా అమ్మీలంతా ఆవిడ వారసులే. వాళ్ల గురించి బయాను చెప్పే మౌల్వీని నేనింకా చూడలేదు.

ఊరికి కొత్తవాళ్లకు సరాయిలు ఉండేవి. కుతుబ్‌షాహీల కాలం నాటి షేక్‌పేట సరాయి ఇప్పటికీ నిలిచి ఉంది. హయత్‌నగర్‌లో హయాత్ బఖ్షీ బేగం పేరున్న మసీదు చుట్టూ వరుసగా సరాయి గదులు కనిపిస్తాయి. నాంపల్లి స్టేషన్ 1907లో వచ్చాక, దాని ఎదురుగా రైలు ప్రయాణికుల కోసం ఏడో నిజాం కాలంలో 1919లో ఇంకో సరాయి కట్టారు. ఇవన్నీ చరిత్రకెక్కాయి, రాతి కట్టడాలు కదా. కానీ చుట్టం ఉన్న ఊళ్లో సరాయిలో దిగడమంటే ఆ చుట్టాన్ని చెప్పుతో కొట్టినట్టే. ఉస్మానియా దవాఖానాకు వచ్చినవాళ్లు, కచేరీ పనికి వచ్చినవాళ్లు, తర్వాత 1970ల చివర నుంచి పాస్‌పోర్టుకూ గల్ఫ్ వీసాకూ వచ్చిన కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్లు, అందరూ మా దాలాన్‌ల మీదుగానే పోయారు. దుబాయి సంపాదనంతా లెక్కలు కట్టినవాళ్లు విమానం ఎక్కే ముందు రాత్రి వాళ్లెవరి బొంత కప్పుకున్నారో లెక్క రాయలేదు.

అమ్మీది మెదక్ జిల్లా పల్లె. ఇంట్లో ఉర్దూ, వాకిట్లో తెలుగు. నానా దర్జీ. పీర్ల పండుగకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో ముసల్మానులకన్నా హిందువులే ఎక్కువ. పీరు కట్టుకునేవాళ్లు, మొక్కు తీర్చుకునేవాళ్లు, "సాయిబు మామా" అంటూ గడపలోకి వచ్చేవాళ్లు. కుట్టు మిషను గోడకు జరిపి ఆ గదంతా జంపఖానా పరిచేవాళ్లు. మాంసం ముట్టని కులాలవాళ్లకు నానీ బియ్యం, పప్పు, చింతపండు, కొత్త కుండ ఇచ్చి వేపచెట్టు కింద మూడు రాళ్లు చూపించేది. స్వయంపాకం అంటారు దాన్ని. మా బొంత కప్పుకోవచ్చు, మా పొయ్యి మీద ఉడికింది తినకూడదు! నానీకి అందులో అవమానం కనిపించలేదు, కుండ పగలకుండా తెచ్చానా లేదా అన్నదే ఆమె బాధ. అదే ఊళ్లో నానా దగ్గర బట్టలు కుట్టించుకునే మాదిగ మనిషికి మాత్రం పండుగ రాత్రి అరుగు మీదే పడక. ఇస్లాంలో కులం లేదని అరుగు మీద కూర్చొని చెప్పిన మాటను గడప లోపలికి తీసుకురాలేకపోయారు మావాళ్లు. ఇది కూడా రాసుకోవాలి.

ఇక 1948. సెప్టెంబర్ 13న సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. దానికి "పోలీసు చర్య" అని పేరు పెట్టారు. అంతకుముందు రజాకార్ల దౌర్జన్యాలకు భయపడి ఊళ్లు విడిచిన హిందూ కుటుంబాలు సరిహద్దు దాటి బెజవాడ దిక్కున శిబిరాల్లో, చుట్టాల వసారాల్లో పడుకున్నాయి. మేం దాన్ని దాచం. మరి ఆ తర్వాత జరిగినదాన్ని ఎందుకు దాచారు? నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం జిల్లాలు తిరిగి, చాలా తగ్గించి వేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ ఎక్కువ దెబ్బతిన్న జిల్లాలని చెప్పింది. ఆ నివేదికను ప్రభుత్వాలు దశాబ్దాల తరబడి బయటపెట్టలేదు.

బతికినవాళ్లు ఎక్కడికి వచ్చారు? పట్నానికి. ఎవరి దగ్గరికి? మా దాదీలాంటి వాళ్ల దగ్గరికి. బీదర్ దగ్గరి పల్లె నుంచి ఒక విధవ, తొమ్మిదేళ్ల కొడుకు. దాదీకి దూరపు చుట్టం, అంతకుముందు ఒక్కసారి పెళ్లిలో చూసిందట. సందూకు తెరిచారు. తఖ్తు తల్లికి, జంపఖానా పిల్లవాడికి. మూడు రోజుల లెక్క ఎవరూ తీయలేదు. పదకొండేళ్లున్నారు. ఆ పిల్లవాడే మాకు బీదర్‌వాలే చిచ్చా. పెద్దయి, నౌకరీ చేసి, రిటైరయ్యాక కూడా ఎవరింట్లో పడుకున్నా తలుపు దగ్గరే పడుకునేవాడు, చెప్పులు తల పక్కన పెట్టుకొని. ఎందుకని పిల్లలం అడిగితే దాదీ కళ్లతోనే గద్దించేది.

ఆ ఏళ్లలో పాతనగరం దాలాన్‌లన్నీ ఇలాగే నిండాయి. ఒక పక్క సంస్థానం ఫౌజు రద్దయింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. వాటి మీద బతికిన గుమాస్తాలు, జవాన్లు, వంటవాళ్ల కొలువులు పోయాయి. జాగీర్దార్లు పోయినందుకు మాకు ఏడుపు లేదు. కానీ ఇంటికి వచ్చే జీతం ఆగిన రోజుల్లోనే ఇంటికి వచ్చే మనుషులు పెరిగారు. సహన్‌కు అడ్డంగా రేకులు లేచాయి, దాలాన్ రెండయింది, తర్వాత నాలుగయింది. "తురకోళ్ల ఇళ్లు ఇరుకు, గంపెడు పిల్లలు" అని ముక్కు మూసుకునేవాళ్లు ఉన్నారు. ఆ ఇరుకులో ఎంత భాగం 1948 రాత్రుళ్లదో వాళ్లకెవరు చెప్పాలి? ఒక ప్రభుత్వం చేయాల్సిన పునరావాసాన్ని ఆ ఆడవాళ్లు బొంతలతో చేశారు. దానికి వాళ్లకు తామ్రపత్రాలూ లేవు, పింఛన్లూ లేవు.

1990 డిసెంబర్ అల్లర్లప్పుడు నాకు పదేళ్లు. జిల్లాల నుంచి నికాహ్‌కు వచ్చిన ఏడుగురు కర్ఫ్యూలో మా ఇంట్లో చిక్కుకుపోయారు. పదకొండు రాత్రులు. మగవాళ్లు వంతులవారీగా పడుకున్నారు. నిద్ర రాక కాదు, కాపలా కోసం. నాలుగో రోజుకు బియ్యం అయిపోతే కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో అమ్మీ, ఖాలా క్యూలో నిలబడ్డారు. మెహ్మాన్లకు సిగ్గు, మాకు సిగ్గు. వెళ్లేరోజు వాళ్లలో ఒకావిడ తన చెవి దుద్దులు తీసి అమ్మీ చేతిలో పెట్టబోతే, అమ్మీ ఆ చేతిని దుద్దులతో సహా మూసేసింది.

అప్పటిదాకా చుట్టం అంటే భారం కావచ్చు, బర్కత్ కావచ్చు, అనుమానం మాత్రం కాదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక అది మారింది. పట్టుకుపోయిన కుర్రాళ్లను తర్వాత కోర్టులు నిర్దోషులన్నాయి, ప్రభుత్వమే పరిహారం కూడా ఇచ్చింది. కానీ బస్తీలో ఒక కొత్త ప్రశ్న మిగిలిపోయింది: "రాత్రి మీ ఇంట్లో ఎవరున్నారు?" 2014 తర్వాత కార్డన్ సెర్చ్ అనే మాట వచ్చింది. పోలీసులు గల్లీని చుట్టుముట్టి, ఇంట్లో పడుకున్నవాళ్లను లేపి ఆధార్ అడుగుతారు. పడక పంచుకున్న మనిషికి కాగితం చూపించాలి. ఆ తర్వాత మావాళ్లే ఫోన్లో అంటున్నారు, "వచ్చేటప్పుడు ఆధార్ తెచ్చుకో బేటా" అని. ఇంతకన్నా పెద్ద మార్పు మా ఇళ్లల్లో ఇంకొకటి రాలేదని నా అభిప్రాయం.

గల్లీ వదిలి బయటికి పోదామంటే ఇల్లు దొరకదు. పేరు చెప్పగానే "ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశాం" అంటారు. ముసల్మానులకు ఇళ్లు అద్దెకు దొరకడం, కొనుక్కోవడం కష్టమవుతోందని 2006లోనే సచార్ కమిటీ రాసింది. ఎలాగో దొరికితే షరతులు. ఒక కాలనీలో మాకు ఇచ్చిన అద్దె కాగితంలో మాంసం గురించి ఒక వాక్యం, దాని కింద ఇంకొకటి: రాత్రిపూట బయటివాళ్లు ఉండరాదు. అమ్మీకి తెలుగు చదవడం రాదు. చదివి వినిపించాను. "బయటివాళ్లంటే ఎవరు?" అని అడిగింది.

ఆ ఇంట్లో రెండు పడకగదులున్నాయి. పోయిన చలికాలం బీదర్‌వాలే చిచ్చా మనవడు భార్యను దవాఖానాలో చూపించడానికి వచ్చి లాడ్జిలో దిగాడు. మమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని మధ్యాహ్నం వచ్చి, చాయ్ తాగి, మగ్రిబ్ కాకముందే లేచారు. మర్నాడు అమ్మీ నన్ను స్టూలెక్కించి సజ్జ మీది బొంతలు దింపించింది, ఎండలో వేసి దులిపి, మళ్లీ మడతపెట్టించింది.