కట్టెలోని చక్కెర

పొయ్యిలో మండే కట్టెకు, పశువులు తినే గడ్డికి, మన ఇంటి పంచదారకు చుట్టరికం ఉన్నదంటే వినేవారికి వింతగా తోస్తుంది. కాని కట్టెలోను గడ్డిలోను ప్రధానభాగం సెల్యులోజు అనే పదార్థం. గ్లూకోజు అనే చక్కెర అణువులు వేలకొలదిగా గొలుసువలె కూడుకొనగా ఇది ఏర్పడుతుంది. ఆ గొలుసును త్రెంచితే చక్కెర వస్తుంది. చక్కెరను ఈస్టుతో పులియబెడితే ఆల్కహాలు వస్తుంది. ఆల్కహాలుతో మోటారు నడుస్తుంది. చెప్పడానికి ఇంతే. దీనిని లాభసాటి పరిశ్రమగా నిలబెట్టడమే కష్టమైనది.

ఈ గొలుసును మొదట త్రెంచి చూపినవాడు ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు హెన్రీ బ్రాకొన్నో. 1819లో ఆయన నారగుడ్డల పీలికలను గాఢ గంధకికామ్లంలో కరగించి, నీరు కలిపి కాచి, చక్కెరను రాబట్టినాడు. వచ్చిన చక్కెర గుడ్డలకన్న ఎక్కువ బరువు తూగింది! ఇందులో మాయ లేదు. గొలుసు తెగినప్పుడు ప్రతి కొలుకు వద్ద ఒక నీటి అణువు వచ్చి చేరుతుంది. ఆ బరువే అదనంగా కనిపించింది.

గాజుకుప్పెలో జరిగిన ఈ పనిని కర్మాగారంలో చేయడానికి సుమారు తొంభై ఏళ్లు పట్టింది. అమెరికాలోని దక్షిణ కరొలీనాలో, జార్జిటౌన్ వద్ద 1910లో ఒక కంపెనీ రంపపు పొట్టునుండి ఆల్కహాలు తీయసాగింది. అక్కడ వాడినది సజల గంధకికామ్లం. అందులో ఒక చిక్కు ఉన్నది. చక్కెరను విడిపించే వేడీ, ఆమ్లమే ఎక్కువసేపు తగిలితే ఆ చక్కెరనూ పాడుచేస్తవి. అందుచేత టన్ను కలపకు ఇరవై గాలన్ల పైచిలుకు ఆల్కహాలు మాత్రమే దక్కేది. అయినా పొట్టు చౌక కనుక పని సాగింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత కలప కోత తగ్గి, పొట్టు కరవై, పని ఆగిపోయింది. శాస్త్రం తప్పలేదు, సరుకు తప్పింది.

1930 తరువాత జర్మనీలో షోలర్ అనే శాస్త్రజ్ఞుడు పద్ధతిని బాగుచేసినాడు. కలపగుండా వేడి ఆమ్లజలాన్ని పంపి, ఏర్పడిన చక్కెరను వెంటవెంటనే బయటికి తీసివేయడమే ఆయన ఉపాయం. దిగుబడి పెరిగింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా కూడా ఓరెగాన్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇటువంటి కర్మాగారం తలపెట్టింది. కాని యుద్ధం ముగియగానే చౌక ఆల్కహాలుతో పోటీకి అది నిలువలేకపోయింది.

అదే యుద్ధంలో, పసిఫిక్ మహాసముద్రపు సాల్మన్ దీవులలో, సైనికుల నూలు గుడారాలు బూజుపట్టి చివికిపోయినవి. నష్టం చేసిన ఆ బూజే తరువాతి తరానికి పనిముట్టు అయినది. అమెరికా సైనిక పరిశోధనాలయంలో ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ దానిని పరిశీలించి, అది విడిచే ఎంజైములు సెల్యులోజును చక్కెరగా మారుస్తవని తెలుసుకొన్నారు. ఎంజైము ఆమ్లంవలె చక్కెరను పాడుచేయదు. అయితే సెల్యులోజును లిగ్నిన్ అనే పదార్థం కవచంవలె కప్పి ఉంటుంది. ముందుగా ఆవిరితోనో, ఆమ్లంతోనో ఆ కవచాన్ని సడలించాలి. దీనికి ఖర్చు, ఎంజైములకు ఖర్చు.

2015లో అమెరికాలోని అయొవా రాష్ట్రంలో డ్యూపాంట్ కంపెనీ, మొక్కజొన్న చొప్పనుండి ఏటా 3 కోట్ల గాలన్ల ఆల్కహాలు తీసే కర్మాగారం తెరిచింది. 30 మైళ్ల చుట్టుపట్ల ఉన్న సుమారు 500 మంది రైతులు చొప్ప అందించాలి. చొప్ప దొరికేది కోతల నాటి కొద్ది వారాలే. కర్మాగారానికి కావలసినది సంవత్సరం పొడుగునా. తేలికైన చొప్ప బండినిండా వేసినా బరువు తూగదు. మట్టి, రాళ్లు కలిసివచ్చి యంత్రాలను అరగదీస్తవి. తడిస్తే కుళ్లుతుంది, ఎండితే నిప్పు భయం. రెండేళ్లకే, 2017లో, ఆ కర్మాగారాన్ని విడిచిపెట్టుతున్నట్లు కంపెనీ ప్రకటించింది.

మరి దీనిలో వ్యాపారానికి చోటు ఎక్కడ? సరుకు ముందే ఒకచోట పోగుపడి ఉన్నచోట. బ్రెజిల్‌లోని పిరాసికాబాలో 2015లో ప్రారంభించిన కర్మాగారం చక్కెర మిల్లును ఆనుకొనే ఉన్నది. చెరకు పిప్పి మిల్లుదాకా వచ్చే ఉంటుంది. మిగిలిన లిగ్నిన్‌ను బాయిలరులో మండించి ఆవిరి తీయవచ్చు. గడ్డిని మోపులు కట్టడం, నిలవచేయడం, తోలడం పల్లెలలో కొందరికి కొత్త జీవనోపాధి కాగలదు.

మనదేశంలో హర్యానాలోని పానిపట్టు వద్ద 2022లో ప్రారంభించిన కర్మాగారాన్ని ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డినుండి సుమారు 3 కోట్ల లీటర్ల ఆల్కహాలు తీయడానికి ఉద్దేశించినారు. అనగా టన్నుకు 150 లీటర్లు. లీటరు ఆల్కహాలులోని శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులే కనుక, ఇది 100 లీటర్ల పెట్రోలుకు సమానం. ఆ 100 లీటర్ల వెలలోనే గడ్డి వెల, కూలి, బండి బాడుగ, ఎంజైములు, వడ్డీ అన్నీ ఇమడాలి. పశువుల మేతకు కరవు రాకూడదు. పొలానికి దక్కవలసిన సత్తువ తరగకూడదు.

విద్యార్థులు తమ ఊరి గడ్డివాములకు ఈ లెక్క వేసి చూడవచ్చు. గడ్డి ఎంత, పశువులకు పోగా మిగిలేది ఎంత, దానిని పది మైళ్లు తోలడానికి అయ్యే ఖర్చెంత? బ్రాకొన్నో గాజుకుప్పెలో సాధించినది నిలబడడం ఈ ప్రశ్నల జవాబుమీదనే ఆధారపడి ఉన్నది.