తొంభై తొమ్మిది దగ్గర ఆగని లెక్క



పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మన వాకాడులో ఫ్లెక్సీలు లేస్తాయి. ఫొటో, పేరు, మార్కులు. తప్పేమీ లేదు, పిల్లలు కష్టపడ్డారు, సంతోషించాలి. మందిరంలోనూ ఆ ఆదివారం వాళ్లను ముందుకు పిలిచి ప్రార్థన చేస్తాం. అయితే బడిలో ఆ పిల్లలు ఒకరినొకరు ఎలా చూసుకున్నారో, వెనక కూర్చున్న పిల్లను ఎవరైనా పేరుతో పిలిచారో లేదో ఏ ఫ్లెక్సీ చెప్పదు. మార్కులు కొలిచినట్టు ప్రేమను కొలవగలమా అని ఒక సహోదరుడు అడిగారు. జవాబు కోసం మన మిషను చరిత్రలోకే వెళ్లాను.

అసలు మన నెల్లూరు మిషనే ఒకసారి ఫలితాల లెక్కలో తప్పబోయింది. శామ్యూల్ డే గారు 1840లో నెల్లూరు వచ్చారు. పదమూడేళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో ఈ తెలుగు మిషనును మూసేద్దామన్న మాట వచ్చింది. పటం మీద ఒంటరి చుక్కలా ఉన్న నెల్లూరును చూసి ఎస్.ఎఫ్. స్మిత్ గారు పద్యం రాసింది అప్పుడే. మిషను మిగిలింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద మోకరించినవాళ్లు జూయెట్ దొర, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు. హాజరుపట్టీ వేస్తే అయిదుగురు.

తర్వాత వచ్చిన క్లౌ దొర గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇండియాకు రాకముందు ఆయన సర్వేయరు, అంటే భూమి కొలిచే పని. లెక్కంటే తెలియని మనిషి కాదు. 1866లో ఒంగోలు చేరారు, 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘం ఏర్పడింది. ఊళ్లో అగ్రవర్ణాల పిల్లలు ఆయన బడికి వస్తున్నారు. మిషనుకు అది గౌరవం, పట్నంలో పలుకుబడి. అదే కాలంలో యర్రగుంట్ల పేరయ్య గారి వెనుక మాదిగ పల్లెల నుంచి మనుషులు బాప్తిస్మం కోరి రావడం మొదలైంది. ఊరి పెద్దలు కబురు పంపారు: వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలు మీ బడికి రారు.

ఆ రాత్రి ఏం జరిగిందో క్లౌ దొర తన జ్ఞాపకాల్లో చెప్పారు. 1914లో అచ్చయిన ఆ పుస్తకాన్ని ఆయన చెబుతుంటే రెండో భార్య ఎమ్మా గారు రాశారు. ఆయన, అప్పటి భార్య హ్యారియెట్ గారు, ఒకరికి తెలియకుండా ఒకరు, వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచారు. ఇద్దరికీ మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయం 26 నుంచి 29 వచనాలే తగిలాయి. లోకం లెక్కలోకి తీసుకోనివాళ్లను దేవుడు ఎన్నుకుంటాడని పౌలు చెప్పిన భాగం అది. పేదలను వదులుకోలేమని దొర తేల్చి చెప్పారు. అగ్రవర్ణాల పిల్లలు బడి మానేశారు.

మనం ఈ కథను దేవుని నడిపింపుకు సాక్ష్యంగా చెప్పుకుంటాం, అది నిజమే. నాకు మాత్రం ఇది ఒక బడి కథ కూడా. ఆ వారం ఎవరైనా అధికారి వచ్చి ఆ బడిని తనిఖీ చేసి ఉంటే ఏం రాసుకునేవాడు? హాజరు పడిపోయింది, ఫీజులు పోయాయి, ఊళ్లో పేరు పోయింది. కాగితం మీద అది ఓడిపోయిన బడి. ఎవరిని పోగొట్టుకున్నామన్నది ఆ కాగితం మీద ఉంటుంది, ఎవరికి తలుపు తెరిచామన్నది ఉండదు.

పదేళ్ల తర్వాత 1876–78 కరువు. మన వైపు సముద్రం పక్కనే వెళ్లే బకింగ్‌హాం కాలువ కరువు పనుల్లో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు క్లౌ దొర తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు, ఇవ్వలేదు. కూలి కోసం వచ్చినవాళ్లా, క్రీస్తు కోసం వచ్చినవాళ్లా అన్నది తేలాలి. కరువు సాయం అయిపోయాకే, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. ఆ అంకె మన సండేస్కూలు పిల్లలకు కూడా నోటికి వస్తుంది. దానికి ముందు నెలల తరబడి ఆయన కావాలని సున్నా దగ్గర ఆగాడన్నది ఎందరికి తెలుసు? తప్పుదారి పట్టించే లెక్కను ఆ సర్వేయరు లెక్కపెట్టలేదు.

అదే రోజుల్లో సర్కారు వారి లెక్క ఇంకోలా ఉండేది. ఇంగ్లండులో 1862లో వచ్చిన పద్ధతిని చూసి, మద్రాసు ప్రెసిడెన్సీలోనూ 1860ల నుంచి 'ఫలితాల గ్రాంటు' ఇచ్చారు. ఇన్‌స్పెక్టరు దొర ఏడాదికోసారి వచ్చి పిల్లల చేత చదివించి, రాయించి, లెక్కలు చేయించేవాడు. ఎంతమంది గట్టెక్కితే అంత డబ్బు. పంతులు పొట్ట దాని మీదే ఆధారపడితే ఏమవుతుందో మీరే ఊహించండి. పాఠం బట్టీ అయిపోతుంది, మందంగా చదివే పిల్లవాడు పంతులుకు బరువవుతాడు. చివరికి 1904లో కర్జన్ ప్రభుత్వ విద్యా తీర్మానం ఈ పద్ధతిని తోసిపుచ్చింది. మనకు తెలిసిన కొన్ని ప్రైవేటు స్కూళ్లలో దాని ఆత్మ ఇంకా తిరుగుతూనే ఉందనుకోండి.

అంటే కొలవడమే పాపమా? కాదు. లూకా సువార్త 15వ అధ్యాయంలోని కాపరికి ఒక గొర్రె తప్పిపోయిందని ఎలా తెలిసింది? లెక్కపెట్టాడు కాబట్టే. తొంభై తొమ్మిది శాతం వచ్చిందని సంబరపడి ఇంటికి పోలేదు. మంద పెద్దదని గొప్ప చెప్పుకోవడానికి కాదు, లేనిదాన్ని వెతకడానికి లెక్కపెట్టాడు.

ఇలాంటి లెక్క బడిలో సాధ్యమేనని చూపినవాళ్లు ఉన్నారు. 1990లలో షికాగో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అనే ఇద్దరు పరిశోధకులు టీచర్లు, హెడ్మాస్టర్లు, తల్లిదండ్రుల మధ్య ఎంత నమ్మకం ఉందో ప్రశ్నలడిగి కొలిచారు. ఒకరినొకరు గౌరవిస్తున్నారా, మాట నిలబెట్టుకుంటున్నారా, పిల్లల మేలు కోసం నిలబడుతున్నారా అన్నవి చూశారు. 2002లో పుస్తకం వేశారు. నమ్మకం గట్టిగా ఉన్న బళ్లలో రెండింట ఒకటి చదువులో, లెక్కల్లో ముందుకెళ్లింది. నమ్మకం లేనివాటిలో ఏడింట ఒకటే. ప్రేమ ఉంటే మార్కులు వాటంతటవే వస్తాయని దీని అర్థం కాదు, పాఠం బాగా చెప్పాల్సిందే. ప్రేమగా చూస్తే చదువు దెబ్బతింటుందన్న భయం మాత్రం అక్కర్లేదు.

మన దేశంలోనూ చట్టం ఈ వైపే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్ని, మనసు నొప్పించి వేధించడాన్ని నిషేధించింది. 2020 జాతీయ విద్యా విధానం ప్రోగ్రెసు కార్డులో మార్కులతో పాటు పిల్లవాడు తన గురించి తాను చెప్పేదీ, తోటి పిల్లలు చెప్పేదీ ఉండాలంది. కార్డు మారినంత మాత్రాన బడి మారదు. ఎవరైనా కూర్చుని అడగాలి: నీకు కష్టమొస్తే బడిలో ఎవరితో చెప్పుకుంటావు? మధ్యాహ్నం అన్నం ఎవరి పక్కన కూర్చుని తింటావు? ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబుల్లో పేట పేరు వినబడితే, క్లౌ దొర బడి ముందున్న ప్రశ్న మన బడి ముందూ ఉన్నట్టే.

మన తీరంలో ఇంకో లెక్క ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. బడి తెరిచేదీ ఆ రోజుల్లోనే, ఇంట్లో చేతిలో డబ్బుండదు. యానాది కుటుంబాలు పని వెతుక్కుంటూ ఊరు దాటితే పిల్లలూ వాళ్ల వెంటే. జూన్‌లో రానివాళ్లలో కొందరు జూలైలోనూ రారు. రిజిస్టర్‌లో అది 'ఆబ్సెంటు' అనే ఒక్క అక్షరం. ఆ పిల్లకు అది చదువు మొత్తం.

కాబట్టి ఈసారి మన మందిరంలో రెండు పట్టీలు ఉంటాయి. పాసైన పిల్లలది ఒకటి, ఎప్పటిలాగే చప్పట్లతో. గత జూన్ నుంచి ఇప్పటి వరకు బడి మానేసిన పిల్లలది రెండోది. మన సంఘం వాళ్లే కానక్కర్లేదు, మీ వీధిలో, మీ పేటలో ఎవరైనా సరే. ఆ పట్టీ పైకి చదవను. యౌవనస్థుల్లో ఇద్దరిద్దరు ఆ ఇళ్లకు వెళ్తారు. బోధించడానికి కాదు, ఎందుకు మానేశారో వినడానికి. సాయంత్రం ట్యూషన్ చెప్పే అక్కలు హాజరుతో పాటు రానివాళ్ల ఇంటికి ఎవరు వెళ్లారో కూడా పక్కన రాయడం మొదలుపెట్టారు.

పేర్లు శనివారం లోగా నాకు విడిగా పంపండి. సంఘం గ్రూపులో మాత్రం పెట్టవద్దు, ఆ తల్లులు కూడా గ్రూపులో ఉన్నారు.